వీరాచారి మిల్లీమీటరు

మా ఫ్యాక్టరీ పేరు చెప్పకూడదు. ఎక్కడుందో చెప్పకూడదు. అందులో ఏం తయారవుతుందో అసలే చెప్పకూడదు. ఇవన్నీ దేశ రక్షణ రహస్యాలని ఉద్యోగంలో చేరిన రోజునే నాచేత సంతకం పెట్టించుకున్నారు. బస్సు కండక్టరు చేత మాత్రం ఎవరూ పెట్టించుకోలేదు. అందుకని అతను రోజుకు ఎనిమిది ట్రిప్పులూ "తెప్పల ఫ్యాక్టరీ! తెప్పల ఫ్యాక్టరోళ్లు దిగాలె!" అని అరుస్తూనే ఉంటాడు.

కాబట్టి చెప్పేస్తున్నాను. మేం చేసేవి తెప్పలు. అంటే ఇనుప రేకుతో చేసిన, చిన్న గదంత బోలు డబ్బాలు. వాగు అడ్డమొస్తే సైన్యం వీటిని వరసగా నీళ్లలోకి దింపి, కొక్కేలతో కలిపి, పైన పలకలు పరిచి వంతెన కట్టుకుంటుంది. ప్రతి తెప్పకూ పక్కగా మనిషి దూరేంత మూత ఉంటుంది, లోపల తుప్పు చూసుకోవడానికి. పైన బరువు పడగానే ఆ మూత నీళ్లలోకి పోతుంది. మూతకూ తెప్పకూ మధ్య గాడిలో ఒక రబ్బరు చుట్టు కూర్చుంటుంది. అది సరిగా ఉంటే వంతెన తేలుతుంది. లేకపోతే దాని మీదున్న వాళ్లు మునుగుతారు. అంతే మా శాస్త్రం.

నా పేరు రాజలింగం. స్టోర్సు సూపరింటెండెంటును. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నేను పోగొట్టింది ఒక్క నిచ్చెన, అది కూడా దొరికింది.

ఆ రబ్బరు చుట్టు చేసేది అండాలమ్మ. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు, రెండు వేడి ప్రెస్సులు, ఐదుగురు ఆడవాళ్లు. షెడ్డు పెట్టింది ఆమె భర్త వీరాచారి. ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఆయన ఉన్నప్పుడూ పోయాకా సరుకు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. ఆయన పోయిన నెలలో మాత్రం రెండ్రోజులు ముందే వచ్చింది, దినాలకు బంధువులొస్తారు, మళ్లీ తీరదని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డ్రాయింగులో ఆ రబ్బరు మందం పన్నెండు మిల్లీమీటర్లు. నలభై ఏళ్ల కింద మొదటి తెప్పను అలాగే చేసి మా పరీక్ష చెరువులో వదిలితే అది బుడగలు వేస్తూ అడుగుకు పోయింది. వీరాచారి చెరువు గట్టున గొంతుక్కూర్చుని రెండు బీడీలు కాల్చి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. మూడో రోజు పదమూడు మిల్లీమీటర్ల చుట్టు తెచ్చాడు. తెప్ప మునగలేదు.

డ్రాయింగు సవరించమని పైకి రాశాం. "మీ విన్నపము పరిశీలనలో నున్నది" అని జవాబొచ్చింది. ఏటా రాస్తూనే ఉన్నాం, ఏటా ఆ జవాబు ఉగాది పంచాంగంలా టంచనుగా వస్తూనే ఉంది. ఈలోగా పదమూడు మందాన్ని తనిఖీవాళ్లు పాస్ చేయాలి కదా. వాళ్లు మందం కొలిచే ఇనుప గేజిలో గాడి పన్నెండే. అప్పటి ఇన్‌స్పెక్టరు ఆ గేజిని వీరాచారి చేతికిచ్చి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. వీరాచారి జేబులోంచి ఆకురాయి తీసి గాడిని ఒక మిల్లీమీటరు అరగదీశాడు. ఆనాటి నుంచి గేజి మీద ముద్ర పన్నెండు, గాడి పదమూడు, రిజిస్టరులో రాసేది పన్నెండు, నీళ్లలో తేలేది పదమూడు. రెండేళ్లకోసారి మారే పెద్దలకు తప్ప ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిన విషయమిది. దాన్ని మేం వీరాచారి మిల్లీమీటరు అంటాం.

ఇలా సుఖంగా జరిగిపోతుండగా ఎక్కడో రెండు దేశాలు యుద్ధానికి దిగాయి. ఇంకెక్కడో కాలువలో ఒక ఓడ అడ్డం తిరిగింది. దాంతో ప్రపంచంలో ఎవరికి కావలసింది వారికి అందడం మానేసింది. మా పైవాళ్లు ఉలిక్కిపడి ఒక సర్క్యులర్ పంపారు. దాని సారాంశం: "రక్షణ ఉత్పత్తికి అవసరమగు ఏ వస్తువునకూ ఒకే మూలము ఉండరాదు. ప్రతి వస్తువునకు కనీసము మూడు మూలములు ఉండవలెను. అవి ఒకదానికొకటి నాలుగు వందల కిలోమీటర్ల దూరమున ఉండవలెను. ఒకే భూకంపము ఇద్దరు సరఫరాదారులను కూల్చుట నిషేధింపబడినది."

ఈ నిషేధాన్ని భూకంపాలచేత పాటింపజేయడానికి పరాంకుశం గారు వచ్చారు. సరఫరా శృంఖల స్థితిస్థాపకతాధికారి, అంటే ఏం కూలినా సరఫరా ఆగకుండా చూసే ఆఫీసరు. మూడు వారాల శిక్షణ పొంది వచ్చారు. ఆ హోదాను తడబడకుండా పలకడానికి మాకు కూడా మూడు వారాలే పట్టింది. సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ ఏదో కూలబోతున్నట్టు పైకప్పు వంక చూస్తూ ఉండేవారు. చెడ్డ మనిషి కాదు. చెడ్డవాడైతే కథ ఇంత దూరం వచ్చేదీ కాదు.

ఆయన మా మూడు వేల ఎనిమిది వందల వస్తువుల జాబితా తిరగేశారు. తెప్పల్ని నడిపే ఇంజన్లు సముద్రాల అవతలి ఒకే ఒక్క కంపెనీ నుంచి వస్తాయి. "అది వ్యూహాత్మక మైత్రి. ముట్టరాదు" అన్నారు. ప్రత్యేకమైన ఉక్కు ఒకే చోటు నుంచి వస్తుంది. "దాని ఫైలు మంత్రిత్వ శాఖ పరిధి. ముట్టరాదు." రంగు, గొలుసులు, వెల్డింగు కడ్డీలు, అన్నింటికీ ఏదో ఒక ముట్టరానితనం ఉంది. చివరికి ముట్టదగినది ఒక్కటే మిగిలింది. మా గేటుకు ముప్పై కిలోమీటర్ల దూరంలో, నలభై ఏళ్లుగా టైముకొచ్చే రబ్బరు.

"ఇదే!" అన్నారు పరాంకుశం గారు, గుండె చేత్తో పట్టుకుని. "దేశ భద్రతంతా ఒక ముసలామె మీద వేలాడుతోందన్నమాట!"

"ముసలామె కాదు సార్, యాభై ఎనిమిదేళ్లే" అన్నాను.

"వయసు కూడా ఆపద కింద నమోదు చేయండి."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బాలానగర్ వెళ్లారు. అండాలమ్మ కుర్చీ తుడిచి వేసి, ఆయన గొంతు తడారినట్టుందని మంచినీళ్లిచ్చింది. ఆయన పదహారు పేజీల ఫారం తీశారు.

"భూకంపం వస్తే ఏం చేస్తారు?"

"బయటికి ఉరుకుత సారూ."

"వరదొస్తే?"

"గీడ నల్లానే రాదు. వరదెక్కడికెళ్లి వస్తది?"

"మీరు అకస్మాత్తుగా... మరణించినచో?"

ప్రెస్సు దగ్గర ఆడవాళ్లు పని ఆపి చూశారు. అండాలమ్మ మాత్రం ఆ ప్రశ్నను బేరంలా తీసుకుని కాసేపు ఆలోచించింది. "నేను సస్తే మూడొద్దులు షెడ్డు బందు. నాలుగో నాటి సంది మా కోడలు స్వరూప చేస్తది. దానికి పనంత నేర్పిన. మీరు మాత్రం దినాలకు రావాలె సారూ, రాజలింగం తమ్ముడు తోలుకొస్తడు."

పరాంకుశం గారు రాసుకున్నారు: 'సరఫరాదారు మరణించినచో మూడు దినముల అంతరాయము. నివారణోపాయము: కోడలు. కోడలికి ప్రత్యామ్నాయము: లేదు.' వందకు తొంభై ఏడు ఆపద మార్కులు వేశారు. అంత ఎక్కువ ఎవరికీ రాలేదు. ఓడ ఇరుక్కున్న కాలువకు కూడా డెబ్భై రెండే.

మిగతా రెండు మూలాల కోసం ప్రకటన వేశారు. నాగపూర్ నుంచి ఒక సంస్థ, కోయంబత్తూరు నుంచి ఒక సంస్థ ముందుకొచ్చాయి. రెంటికీ అద్దాల ఆఫీసులు, రంగుల పుస్తకాలు ఉన్నాయి. నెల తిరిగేసరికి ముగ్గురి సరుకూ రావడం మొదలైంది. పరాంకుశం గారు గోడ మీద పటం తగిలించి మూడు ఎర్ర గుండుసూదులు గుచ్చారు. ఆపద తొంభై ఏడు నుంచి పద్దెనిమిదికి పడింది. పైనుంచి అభినందన లేఖ వచ్చింది.

నేను నాగపూర్ అట్టపెట్టె విప్పాను. చుట్లకు సుద్దపొడి అద్ది, నాలుగేసి చొప్పున కలిపి, పాత చీరపేలికతో ముడివేసి ఉన్నాయి. కోయంబత్తూరు పెట్టె విప్పాను. అదే సుద్ద, అదే ముడి. చీర కూడా అదే, రెండో కొంగు.

సాయంత్రం బాలానగర్‌లో దిగాను. అండాలమ్మ సంబరంగా ఎదురొచ్చింది. "తమ్మీ, దేవుడు సల్లగ సూసిండు. రెండు కొత్త గిరాకీలు దొరికినయ్. ఒగటి నాగపూర్, ఒగటి ఇంకా అవతల. గాళ్లకెందుకో సేమ్ మీ మాలే కావాలంట!"

మర్నాడు పరాంకుశం గారికి విన్నవించాను: మూడు మూలాలూ ఒకే మూలమనీ, రబ్బరు మా పక్క నుంచే బయల్దేరి, వెయ్యి కిలోమీటర్లు తిరిగి మళ్లీ మా పక్కకే వస్తోందనీ. శంఖంలో పోస్తే గాని తీర్థం కాదంటారు, మా రబ్బరు నాగపూర్‌లో పోస్తే గాని రబ్బరు కావడం లేదు.

"ఇది రికార్డులో ఉందా?" అన్నారాయన.

"చీరపేలికలున్నాయి సార్."

"చీరపేలిక రికార్డు కాదు రాజలింగం గారూ. పటంలో మూడు గుండుసూదులున్నాయి. మీ మాట నమ్మాలంటే రెండు పీకాలి. పీకితే ఆపద తొంభై ఏడుకు పోతుంది. దేశాన్ని అంత ఆపదలోకి నెట్టడానికి మీకు మనసెలా ఒప్పుతోంది?"

నాకు ఒప్పలేదు. ఊరుకున్నాను. తెప్పలు తేలుతూనే ఉన్నాయి గదా, అండాలమ్మకు పనీ పెరిగింది గదా అనుకున్నాను. అక్కడితో ఆగితే అందరం సుఖంగా ఉండేవాళ్లం. కానీ పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, స్థితిస్థాపకత వచ్చింది సరే, అది నిజంగా వచ్చిందో లేదో పరీక్షించాలన్నారు పైవాళ్లు. మొదటి మూలాన్ని నలభై అయిదు రోజులు బలవంతంగా ఆపి, మిగతా రెండూ బరువు మోస్తాయో లేదో చూడాలట.

అండాలమ్మకు రిజిస్టరు పోస్టులో ఉత్తర్వు వెళ్లింది. నాకు ఫోన్ చేసి మా ఆఫీసు కాపీ చదివి చెప్పమంది. చదివాను. "మాదిరి విపత్తు అభ్యాసములో భాగముగా, తేది ఒకటి ఉదయము తొమ్మిది గంటలకు సంభవింపబోవు భూకంపమున తాము గతించినట్లు భావింపవలెను. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు గతించియే ఉండవలెను."

ఆ ముక్క ఇంకోసారి చదివించుకుంది.

"అంటే నేను సచ్చిన్నా తమ్మీ?"

"కాగితం మీద అక్కా. నలభై అయిదు రోజులు."

"మా ఆడోళ్లు గూడ సచ్చిన్రా?"

"షెడ్డు కూలింది కాబట్టి..."

ఒకటో తారీఖు తొమ్మిది గంటలకు ఆమె షెడ్డుకు తాళం వేసింది. ఐదుగురినీ ఇంటికి పంపింది. నాగపూర్ వాళ్లు, కోయంబత్తూరు వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. సర్కారు మాటంటే మాటే అనుకునే మనిషి. "సచ్చినోళ్లు రబ్బరెట్ల చేస్తరయ్యా? జర ఇజ్జత్ ఉండాలె" అని పెట్టేసింది.

గత్యంతరం లేక ఆ రెండు సంస్థలూ డ్రాయింగు దగ్గర పెట్టుకుని జీవితంలో మొదటిసారి సొంతంగా రబ్బరు చేశాయి. సరిగ్గా పన్నెండు మిల్లీమీటర్లు. మా ఇన్‌స్పెక్టరు దస్తగిరి గేజిలో పెట్టి చూస్తే అది వదులుగా గలగలమంది. మొత్తం సరుకును తిరగ్గొట్టాడు.

పరాంకుశం గారు కొత్త కొలత యంత్రం తెప్పించారు. దాంతో రబ్బరును కొలిచారు: పన్నెండు. గేజిని కొలిచారు: పదమూడు. మా పాత స్టాకులోంచి అండాలమ్మ రబ్బరును కొలిచారు. ఆయన ముఖం తెల్లబడింది.

"దస్తగిరి గారూ! నలభై ఏళ్లుగా ఈ కర్మాగారం ఒక మిల్లీమీటరు మేర మోసపోయింది! ఇది మీకు తెలియదా?"

"తెలుసు సార్. తెప్పలు తేలుతున్నయ్ గదా సార్."

"తేలడం ఒక ఫలితం మాత్రమే! ప్రమాణం కాదు!"

గేజిని గుడ్డసంచీలో పెట్టి లక్కముద్ర వేసి సాక్ష్యంగా బీరువాలో పెట్టారు. దస్తగిరికి మెమో ఇచ్చారు. అండాలమ్మ పేరు నిషిద్ధుల జాబితాలోకి ఎక్కింది. కారణాలు రెండు: మొదటిది, డ్రాయింగుకు విరుద్ధంగా నలభై ఏళ్లు సరఫరా చేయడం. రెండోది, నలభై అయిదు రోజులుగా సరఫరా చేయకపోవడం. ఇక నలభై అయిదు రోజులు ముగిసినా ఆమె షెడ్డు తెరవలేదు. మా రబ్బరు తప్ప ఆ ప్రెస్సులకు వేరే పని తెలియదు.

యార్డులో సిద్ధంగా ఉన్న ఇరవై తెప్పల నుంచి ఆమె రబ్బర్లు పీకించారు. స్టోర్సులో ఉన్నవాటితో కలిపి క్యాంటీన్ వెనక గుట్ట పోసి, కమిటీ సమక్షంలో, మూడు వేర్వేరు ఊళ్ల అగ్గిపెట్టెలతో తగలబెట్టారు. నాశనం చేసినట్టు కాగితం మీద సంతకం నాదే. పెట్టకుండా ఉండాల్సింది. పెట్టాను. పెన్షనుకు పద్నాలుగు నెలలుంది మరి. ఆ నల్లటి పొగ రెండ్రోజులు నా చొక్కాను వదల్లేదు.

ఈ విజయానికి గుర్తుగా 'స్థితిస్థాపకతా దినోత్సవం' జరపాలని జనరల్ మేనేజరు గారు నిర్ణయించారు. పరీక్ష చెరువు మీద కొత్త రబ్బరు తొడిగిన నాలుగు తెప్పలతో వంతెన కట్టారు. దాని మీదే వేదిక, షామియానా, పూలకుండీలు, పైనుంచి వచ్చిన ఆరుగురు పెద్దలు. గట్టున మేమందరం. కార్మికులు అప్పటికే దానికి తెప్పోత్సవమని పేరు పెట్టేశారు. ముందుగా నీళ్లలో వదిలి చూద్దామని దస్తగిరి అన్నాడట. "డ్రాయింగు ప్రకారం ఉన్నదాన్ని మళ్లీ నీళ్లలో పరీక్షించడమంటే డ్రాయింగును అనుమానించడమే" అన్నారట పరాంకుశం గారు.

జనరల్ మేనేజరు గారి ప్రసంగం పద్నాలుగు పేజీలు. రెండో పేజీలో తెప్పల పక్కన మొదటి బుడగలు కనిపించాయి. నాలుగో పేజీలో పూలకుండీలు ఎడమకు జరిగాయి. ఆరో పేజీలో పెద్దలు బూట్లు ఎత్తి పెట్టుకున్నారు. వేదిక మీద ఎవరూ ఏమీ అనలేదు. ముందు అన్నవాడే బాధ్యుడవుతాడని ముప్పై ఏళ్ల అనుభవం వాళ్లందరికీ చెబుతోంది.

"ఎటువంటి విపత్తు ఎదురైనా మనం చలించం! కుంగం!" అని చదువుతున్నారు జనరల్ మేనేజరు గారు, మోకాలి లోతు నీళ్లలో నిలబడి. తొమ్మిదో పేజీ తడిసి పదో పేజీకి అతుక్కుపోవడంతో ప్రసంగం ఆగింది. వేదిక కూడా దాదాపు అక్కడే ఆగింది, తెప్పలు చెరువు అడుగుకు ఆనాయి కాబట్టి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, పరాంకుశం గారు ఛాతీ దాకా నీళ్లలో, ఆపదల పటాన్ని తల మీద ఎత్తిపట్టుకుని గట్టు కేసి నడిచొచ్చారు. పట్టుకుని లాగింది నేనూ దస్తగిరీ.

విచారణ సంఘం రెండ్రోజుల్లో తేల్చింది. రబ్బరు డ్రాయింగు ప్రకారం ఉంది. తెప్ప డ్రాయింగు ప్రకారం ఉంది. కాబట్టి తప్పు చెరువుది. ఆ చెరువుకు నీటి మూలం వాన ఒక్కటే అనీ, అది త్రిమూల సూత్రానికి విరుద్ధమనీ, మరి రెండు మూలాలు వెతకాలనీ సిఫారసు చేసింది.

ఆ ఒక్క మూలమే అదే వారం మన్నెంలో విరుచుకుపడింది. ఒక పెద్ద వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. అవతల పదకొండు ఊళ్లు తెగిపోయాయి. నాలుగు రోజుల్లో ఇరవై తెప్పలు పంపమని సైన్యం నుంచి తంతి లాంటి ఆదేశం వచ్చింది. మా దగ్గర ఇరవై తెప్పలున్నాయి. తేలే తెప్ప ఒక్కటీ లేదు.

జనరల్ మేనేజరు గారు తలుపులు వేయించి, నన్నూ దస్తగిరినీ కూర్చోబెట్టి, ఎన్నడూ లేనిది మాలాంటివాళ్ల భాషలో అడిగారు. "ఏం చేద్దామయ్యా?"

"వీరాచారి మిల్లీమీటరు సార్" అన్నాం ఇద్దరం ఒకేసారి.

గంటలో నేనూ పరాంకుశం గారూ బాలానగర్‌లో ఉన్నాం. తాళం వేసిన షెడ్డు ముందు గడప మీద కూర్చుని అండాలమ్మ బియ్యం ఏరుతోంది. ఐదుగురు ఆడవాళ్లలో ఇద్దరు వేరే చోట పాచిపనికి కుదిరారని వచ్చేటప్పుడే విన్నాను. ఆమె మమ్మల్ని చూసింది గాని చాటలోంచి చెయ్యి తియ్యలేదు.

"అమ్మా, ఇరవై రబ్బరు చుట్లు కావాలి. రెండ్రోజుల్లో" అన్నారు పరాంకుశం గారు.

"నేను సచ్చిన గద సారూ."

"అది... అభ్యాసం మాత్రమే."

"అయితే బతికినట్టు కాయితం ఇయ్యుండ్రి. సచ్చినట్టు కాయితం పంపినోళ్లు, బతికినట్టు పంపలేరా?"

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అభ్యాస ముగింపు ఉత్తర్వు వెలువడాలంటే తుది నివేదిక కావాలి. తుది నివేదికకు చెరువు మీద సంఘం సిఫారసుల అమలు కావాలి. అమ్మా, మిమ్మల్ని చంపడానికి మాత్రమే నాకు అధికారం దఖలు పడింది. బతికించడానికి లేదు."

చెప్పాక తన మాట తనకే వినిపించినట్టుంది, ఆయన తల దించుకున్నారు. ఆమె నావైపు తిరిగింది.

"నా మాలు కాలవెట్టిన్రంట గద తమ్మీ. సంతకం ఎవరిది?"

"నాదే అక్కా."

"ఊఁ" అంది. అంతకన్నా రెండు చెంపలూ వాయించి ఉంటే బాగుండేది. నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

"గింత తొందరెందుకు ఇప్పుడు?"

చెప్పాను. వాగు, వంతెన, పదకొండు ఊళ్లు, నాలుగు రోజులుగా బియ్యం లేవు, మందుల్లేవు.

ఆమె చాట కింద పెట్టింది. "గిది ముందుగాల చెప్పొద్దానయ్యా! కాయితాల ముచ్చట పెడ్తరు!" అని కొంగున ముడివేసిన తాళంచెవి తీసింది. "స్వరూపా! పోయి అందర్ని తోలుకరా. పాచిపనికి పోయినోళ్లను గూడ!"

రెండో రోజు మధ్యాహ్నానికి ఇరవై చుట్లు సుద్ద అద్దుకుని, నాలుగేసి చొప్పున చీరపేలికతో ముడిపడి వచ్చాయి. ఇప్పుడు అసలు చిక్కు. నిషిద్ధ జాబితాలో ఉన్న, పైగా గతించిన మనిషి దగ్గర సరుకు ఎలా తీసుకోవాలి? పరాంకుశం గారు అరగంట పైకప్పు వంక చూశారు. తర్వాత నా స్టోర్సు రిజిస్టరు లాక్కుని స్వహస్తాలతో రాశారు: 'భూకంప శిథిలముల నుండి వెలికితీయబడిన సామగ్రి. సంఖ్య: ఇరువది.'

తనిఖీకి గేజి కావాలి. అది లక్కముద్ర కింద ఉంది. దస్తగిరి బీరువా తెరిచి, సంచీ చూసి, "సార్, సీలు ఎలుక కొరికింది" అన్నాడు. సీలు నిక్షేపంలా ఉంది. పరాంకుశం గారు దాన్ని చూశారు, దస్తగిరిని చూశారు. వెళ్లి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. నలభై ఏళ్ల కింద ఇంకో అధికారి నిలబడింది కూడా ఆ కిటికీ దగ్గరే.

తెప్పలతో పాటు నేనూ లారీలో వెళ్లాను. జవాన్లు వంతెన కట్టారు. మొదట బియ్యం ట్రాక్టరు అవతలికి పోయింది. తెప్పలు కిందికి కుంగాయి, మూతలు నీళ్లలోకి పోయాయి, ఒక్క బుడగ లేదు. తర్వాత ఇటువైపుకు జనం రావడం మొదలుపెట్టారు. మంచం మీద మోసుకొచ్చిన ఒక ముసలాయన, చంకలో పిల్లతో ఒక తల్లి, ఆమె వెనకాల మేక. నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లలో మేం చేసిన వస్తువు మనుషుల్ని దాటిస్తుంటే నేను చూడడం అదే మొదటిసారి.

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. విపత్తులోనూ సరఫరా ఆగనందుకు మా ఫ్యాక్టరీకి స్థితిస్థాపకతా పురస్కారం వచ్చింది. జనరల్ మేనేజరు గారు దాన్ని నేల మీదే అందుకున్నారు. పరాంకుశం గారికి ప్రమోషను వచ్చింది. ఆయన వెళ్లేముందు చేసిన పనులు రెండు. అండాలమ్మ బతికే ఉన్నట్టు మూడు ప్రతుల్లో ఉత్తర్వు తెప్పించారు, నిషేధం ఎత్తేయించారు. రెండోది, డ్రాయింగు సవరణ ఫైలును తనే చంకలో పెట్టుకుని ఢిల్లీ వెళ్లారు. నలభై ఏళ్ల పరిశీలన ముగిసింది. కొత్త డ్రాయింగు వచ్చింది. రబ్బరు మందం పదమూడు మిల్లీమీటర్లు. దాంతో పాటు పదమూడు ముద్రతో, పదమూడే గాడితో కొత్త గేజి.

మేం మిఠాయిలు పంచుకున్నాం. కొత్త డ్రాయింగు ప్రకారం కొత్త తెప్ప చేసి, అండాలమ్మను కూడా పిలిచి, చెరువులో వదిలాం.

బుడగలొచ్చాయి.

దస్తగిరి పరుగెత్తి డ్రాయింగు తెచ్చాడు. రెండో పేజీలో అడుగున చిన్న అక్షరాలతో ఉంది: 'రబ్బరు మందము ఒక మిల్లీమీటరు పెంచబడినందున, సమతుల్యము నిమిత్తము తెప్ప గాడి లోతు కూడ ఒక మిల్లీమీటరు పెంచడమైనది.'

అండాలమ్మ చెరువు గట్టున గొంతుక్కూర్చుని, బుడగలు ఆగేదాకా చూసింది. ఏమీ అనకుండా బస్సెక్కి వెళ్లిపోయింది.

మూడో రోజు పద్నాలుగు మిల్లీమీటర్ల చుట్టు తెచ్చింది. మూతకు తొడిగి వదిలితే తెప్ప నిమ్మకు నీరెత్తినట్టు తేలింది. దస్తగిరి కొత్త గేజిని బల్ల మీద పెట్టి, "అక్కా..." అని నసిగాడు. ఆమె చేతిసంచీలోంచి ఆకురాయి తీసింది. ఇన్నాళ్లూ షెడ్డులో వీరాచారి ఫొటో పక్కన మేకుకు వేలాడుతుండేది. చీరకొంగుతో ఒకసారి తుడిచి, గేజిని బల్ల అంచుకు ఆనించి, నెమ్మదిగా అరగదీయడం మొదలుపెట్టింది.

"ఇది కూడా వీరాచారి మిల్లీమీటరేనా అక్కా?" అన్నాను.

"ఆయనది డిల్లీకి వోయింది తమ్మీ, కాయితానికెక్కింది." ఆమె ఇనుప పొడిని ఉఫ్‌మని ఊది, గాడిని వెలుతురుకు పెట్టి చూసింది. "గిది నాది."

దస్తగిరి రిజిస్టరు తెరిచి 'పదమూడు, సరిపోయింది' అని రాశాడు. కింద నేను సంతకం పెట్టాను.